మళ్లీ ఎప్పుడొస్తారు?

ఆరోగ్య విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్లకు, వాటి కింద నడిచే వైద్య, దంత, నర్సింగ్, ఫిజియోథెరపీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకులకు, ఒక పల్లెటూరి రిటైర్డ్ తెలుగు పంతులు రాసుకునే బహిరంగ లేఖ.

నమస్కారం.

మా పక్కింటివాళ్ల గేదెల కొట్టం మీద మీ ఫ్లెక్సీ ఒకటి కప్పి ఉంది. రెండు వానాకాలాలు తడిసినా ‘ఉచిత మెగా వైద్య శిబిరం’ అన్న అక్షరాలు ఇంకా చెరగలేదు. కింద వరసగా పెద్దమనుషుల ఫొటోలు. తేదీ ఉన్న మూల మాత్రం వాసానికి రాసుకుని చిరిగిపోయింది. ఇంకోటి బడి వెనక వంట కట్టెల మీద ఉంది. మూడోది మా ఇంట్లోనే ఉంది, మిరపకాయలు ఆరబోసినప్పుడు కింద పరుస్తాం. ఫ్లెక్సీ బట్ట గట్టిది, ఆ విషయంలో మీకు వంక పెట్టడానికి లేదు.

‘మీ’ అంటే ఫలానా కాలేజీ అని కాదు. మా ఊరు టౌనుకి మరీ దూరం కాదు, రోడ్డు బాగుంటుంది, బడికి పెద్ద ఆవరణ ఉంది. అందుకని ఏటా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పేర్లు నాకు అనవసరం. నేను 31 ఏళ్లు పంతులుగా చేశాను కాబట్టి ఏ కాలేజీ క్యాంపు పెట్టినా మొదటి ఫోను నాకే వస్తుంది. గదుల తాళాలు తీయించడం, షామియానా, కుర్చీలు, ఆటోకి మైకు కట్టించి ఊరంతా తిప్పడం, మధ్యాహ్నం పిల్ల డాక్టర్లకి భోజనాలు. ఇవన్నీ ఇష్టంగానే చేశాను, ఇప్పుడూ చేస్తాను. కాబట్టి క్యాంపులంటే గిట్టనివాడు రాసిన ఉత్తరం కాదిది. క్యాంపుకి కుర్చీలు మోసినవాడు రాస్తున్నది.

క్యాంపు ఎలా జరుగుతుందో మీకు తెలుసు. బల్లకి అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. పొద్దున తొమ్మిదింటికని మైకులో చెప్పిస్తాం. ఏడింటికే ముసలివాళ్లు వచ్చి అరుగు మీద కూర్చుంటారు. షుగరు చూస్తారంటే కొందరు పరగడుపునే వస్తారు. బస్సు పదిన్నరకి దిగుతుంది. జ్యోతి వెలిగించడం, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి పదకొండున్నర. అప్పటిదాకా తినకుండా ఉన్నవాళ్లు ఓపిక పట్టలేక టీ తాగేసి ఉంటారు, ఆ సంగతి వాళ్లు చెప్పరు, మీరు అడగరు. మొదటి బల్ల దగ్గర పేరూ వయసూ, రెండో బల్ల దగ్గర బీపీ, మూడో బల్ల దగ్గర వేలు గుచ్చి షుగరు, ఆ పక్కన పళ్ల డాక్టర్లు, చివర పెద్ద డాక్టరుగారు. మాత్రల బల్ల దగ్గర అందరికీ దాదాపు ఒకే రకం: నొప్పులకి, గ్యాసుకి, బలానికి. మూడింటికి గ్రూపు ఫొటో. నాలుగింటికి బస్సు కదులుతుంది.

బస్సు కదిలేటప్పుడు ప్రతిసారీ ఎవరో ఒక ముసలమ్మ కిటికీ దగ్గరికి పోయి అడుగుతుంది, “మళ్లీ ఎప్పుడొస్తారు నాయనా?” అని. “వస్తాం అమ్మమ్మా” అంటారు పిల్లలు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననను. ఎప్పుడొస్తారో వాళ్లకీ తెలియదు, అంతే.

వారం తిరిగేసరికి జిల్లా పేపర్లో వార్త, కాలేజీ న్యూస్‌లెటర్లో రంగుల ఫొటో వస్తాయి. ఫలానా ఊళ్లో ఇంతమందికి వైద్య పరీక్షలు అని. ఒకసారి ఆ అంకె చూసి నాకు అనుమానం వచ్చింది. రిజిస్టరు రాసింది మా బడి పిల్లలే కదా, వాళ్లని కూర్చోబెట్టి లెక్కపెట్టించాను. వచ్చిన మనుషులకీ అచ్చయిన అంకెకీ ఎక్కడా పొంతన లేదు. తర్వాత అర్థమైంది. ఒకే మనిషి బీపీ బల్ల దగ్గర ఒకడు, షుగరు బల్ల దగ్గర ఇంకొకడు, పళ్ల బల్ల దగ్గర మూడోవాడు. మా ఊరి జనాభా ఆ ఒక్క రోజే అంత పెరుగుతుంది.

ఇది నవ్వుకుని వదిలేసే విషయమే. కానీ మా ఎదురింటి బాబాయి సంగతి అలా వదిలెయ్యలేను.

బాబాయికి 60 దాటాయి. మిరప కోతల రోజుల్లో కూలీలని కుదిర్చే మేస్త్రీ పని చేసేవాడు, గొంతు పెద్దది. ఏ క్యాంపు వచ్చినా మొదటి వరసలో ఉండేవాడు. పడిపోయాక వాళ్లింట్లో రేషన్ కార్డు కోసం వెతుకుతుంటే, ఆ కార్డు దాచుకున్న ప్లాస్టిక్ కవర్లోనే మూడు చీటీలు దొరికాయి. మూడు వేరువేరు ఏళ్లవి, వేరువేరు కాలేజీలవి. ఒకదాని మీద బీపీ 168/100. ఇంకోదాని మీద 172/104. మూడోదాని మీద 180/110, దాని కింద రెండు గీతలు. మూడింటి మీదా ఇంగ్లీషులో ఒకటే మాట, ఫిజీషియన్‌ని కలవమని. ఆ మాట ఆయన చదవలేడు. డాక్టరు పట్టణం నుంచి వచ్చి ఇచ్చిన కాగితం కాబట్టి భద్రంగా దాచుకోవాలనుకున్నాడు, దాచుకున్నాడు. చీటీని మందులాగే నమ్మాడాయన.

ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుజామున మంచం మీంచి లేవబోయి పక్కకి ఒరిగిపోయాడు. మూతి వంకర పోయింది, మాట ముద్దగా వస్తోంది. ఇంట్లోవాళ్లు వాతం అనుకుని నూనె కాచి మర్దనా చేశారు. నాకు కబురొచ్చేసరికి తొమ్మిదైంది. 108 వచ్చి పెద్దాసుపత్రికి చేరేసరికి పన్నెండు. రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డని కరిగించే ఇంజెక్షను ఒకటి ఉంటుందనీ, అది నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలనీ అక్కడే మొదటిసారి విన్నాను. మూడు క్యాంపులూ దగ్గరుండి పెట్టించినవాణ్ణి నేను. మూతి వంకర పోయినా, చెయ్యి ఎత్తలేకపోయినా, మాట తడబడినా గంట కూడా ఆగకూడదని ఏ క్యాంపులోనూ ఎవరూ మైకులో చెప్పలేదు. ఆ మైకు ఆ రోజంతా నా చేతిలోనే ఉంది, నేనూ చెప్పలేదు.

బీపీ ఎక్కువుందని తెలుసుకోవడం వేరు, తగ్గించుకోవడం వేరు. ఇది మీకు నేను చెప్పాలా? అందరికీ పరీక్షలు చేసి జబ్బు పట్టుకునే కార్యక్రమం ఎలా ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు 1968లోనే పది సూత్రాలు రాసిపెట్టారట. పట్టుకున్న జబ్బుకి వైద్యం అందుబాటులో ఉండాలన్నది అందులో ఒకటి. చివరిది మరీ సూటిగా ఉంది: ఈ పని ఒక్కసారి చేసి చేతులు దులుపుకునేది కాదు, జరుగుతూనే ఉండాలి. మీ పిల్లలు పరీక్షల కోసం ఈ పదీ కంఠతా పడతారని విన్నాను.

ఆ మాటకొస్తే కంటి క్యాంపులవాళ్లని చూడండి. శుక్లాలున్నవాళ్లని బస్సులో తీసుకెళ్తారు, ఆపరేషన్ చేసి తీసుకొచ్చి దింపుతారు, మళ్లీ కన్ను చూడటానికి రమ్మంటారు. కన్ను కోసినవాడు మళ్లీ చూడకుండా వదిలెయ్యలేడు కదా. ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థవాళ్లయితే ఊళ్లకి దగ్గర్లో శాశ్వతంగా విజన్ సెంటర్లే పెట్టారు, అద్దాలు వంకర పోయినా వెళ్లి అడగొచ్చు. మా అమ్మ అలా చూపు తెచ్చుకున్నదే. పోయేవరకూ సూదిలో దారం తనే ఎక్కించుకుంది.

ఇక మంచి సంగతి ఒకటి చెప్పాలి. అది కూడా మీ పిల్లల వల్ల జరిగిందే, మా ఇంట్లోనే జరిగింది.

జాతీయ వైద్య కమిషన్ 2022లో ‘ఫ్యామిలీ అడాప్షన్’ అని ఒకటి మొదలుపెట్టింది. ఎంబీబీఎస్‌లో చేరిన ప్రతి విద్యార్థీ మొదటి ఏడాది నుంచే పల్లెలో కొన్ని కుటుంబాల బాగోగులు చూడాలి, కనీసం మూడు, వీలైతే ఐదు. మొదటి ఏడాది 27 గంటలు, రెండో ఏడాది 30, మూడో ఏడాది 21, మొత్తం 78 గంటలు. మా కుటుంబాన్ని దత్తత తీసుకుంటున్నారని చెబితే మా ఆవిడ పగలబడి నవ్వింది. “ఈ వయసులో మనల్ని దత్తత తీసుకునే తల్లి ఎవరండీ?” అంది. వచ్చింది పందొమ్మిదేళ్ల పిల్ల. తెల్లకోటు మడిచి చేత్తో పట్టుకుంది, ఊళ్లో వేసుకు తిరగడానికి సిగ్గు.

మొదటిసారి వచ్చి ఫారం నింపుకుంది. ఇల్లు డాబానా, మరుగుదొడ్డి ఉందా, నీళ్లు ఎక్కడివి, గ్యాసా కట్టెలా. ఎవరికైనా జబ్బులున్నాయా అంటే మా ఆవిడ “నాకు బీపీ ఉందమ్మా, మాత్ర రోజూ వేసుకుంటున్నాను” అంది. పిల్ల టిక్కు పెట్టుకుంది. రెండోసారి కాలేజీ బస్సులో అందరితో కలిసి వచ్చింది. ఎత్తూ బరువూ చూసింది. అవే ప్రశ్నలు, అవే జవాబులు. బీపీ మాత్రం కొంచెం ఎక్కువే చూపించింది. అక్కడికి ఆగిపోయి ఉంటే అది కూడా ఇంకో చీటీ అయ్యేది.

మూడోసారి ఆదివారం వచ్చింది, ఆర్టీసీ బస్సెక్కి, తోడుగా ఒక స్నేహితురాలితో. లాగ్‌బుక్కులో ఏవో గళ్లు మిగిలిపోయాయట. మా ఆవిడ రోట్లో గోంగూర నూరుతోంది. పిల్ల మంచినీళ్లకని నేరుగా వంటింట్లోకే వెళ్లింది. అక్కడ ఆవకాయ జాడీ వెనక ఒక నల్ల కవరు, అందులో బీపీ మాత్రలు, అట్టలకి అట్టలు. ఒక్క మాత్ర కూడా నొక్కలేదు. పిల్ల కేకలు వెయ్యలేదు, పాఠం చెప్పలేదు. ఒక్కొక్క అట్టా తీసి నేల మీద పేర్చి లెక్కపెట్టింది. పదకొండు. “అమ్మమ్మా, ఇవి మిగిలిపోయాయేం?” అంది, మెల్లిగా.

నాతో ఏడాదిగా చెప్పని మాట మా ఆవిడ ఆ పిల్లతో చెప్పింది. “అవి వేసుకుంటే సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతున్నాయి తల్లీ. పట్టీలు బిగుసుకుపోతున్నాయి. కిడ్నీలు పోతాయేమోనని ఆపేశా. మాస్టారికి చెబితే గొడవ చేస్తారని చెప్పలేదు.”

పిల్ల మా ఆవిడ కాలి మడమ పైన బొటనవేలితో నొక్కి చూసింది, తర్వాత మా ఎదురుగానే వాళ్ల మేడమ్‌కి ఫోన్ చేసింది. ఆమ్లోడిపిన్ అనే ఆ మాత్రతో కొందరికి కాళ్ల వాపు వస్తుందనీ, సొంతంగా ఆపెయ్యకుండా డాక్టరుకి చెప్పాలనీ, మార్చడానికి వేరే మందులున్నాయనీ ఆవిడ చెప్పారు. మందు మార్చే అధికారం తనకి లేదని ఆ పిల్లకి తెలుసు. అందుకే పీహెచ్‌సీ డాక్టరుగారికి నాలుగు వరసలు రాసిచ్చింది, తెలుగులో. దస్తూరి ఘోరంగా ఉంది, రెండు చోట్ల ఒత్తులు తప్పు. పంతులుగా నాకు ఎర్ర పెన్ను కోసం చెయ్యి దురద పెట్టింది గానీ ఊరుకున్నాను. సోమవారం వెళ్లాం, మాత్ర మారింది, వాపు పోయింది. ఇప్పుడు మా ఏఎన్ఎం ఎప్పుడు చూసినా బీపీ 130కి అటూ ఇటూ ఉంటోంది.

మొదటిసారి వచ్చినవాళ్లకి మేం కుర్చీ వేస్తాం. రెండోసారి వస్తే టీ ఇస్తాం. నిజం చెప్పేది ఆ తర్వాతే. పల్లెటూళ్లో ఇది దాపరికం కాదు, మర్యాద. డాక్టరు ముందు ‘వేసుకోవట్లేదు’ అంటే ఆయన్ని చిన్నబుచ్చినట్టు అనుకుంటారు మావాళ్లు.

అయితే ఆ పిల్ల ఎన్నాళ్లు రాగలిగింది? మూడో ఏడాది దాకా. మధ్యలో పరీక్షలొచ్చాయి, ఇంటర్నల్స్ వచ్చాయి, ఒకసారి కాలేజీ బస్సు వేరే కార్యక్రమానికి పోయింది. ఇప్పుడు తను పెద్ద క్లాసు, గంటలు అయిపోయాయి. కొత్త బ్యాచ్ పిల్లలు వచ్చారు గానీ వాళ్లకి వేరే వీధి ఇచ్చారు. మా వీధి ‘పూర్తయింది’ అట. ఆ పిల్ల రాసుకున్న లాగ్‌బుక్కులో మా ఆవిడ కాళ్ల వాపు, ఎదురింటి బాబాయి చీటీలు, చివరింట్లో నెల తప్పిన కోడలికి రక్తం తక్కువ ఉన్న సంగతి అన్నీ ఉన్నాయి. ఆ బుక్కు ఇప్పుడు ఏ బీరువాలో ఉందో. పరీక్షకి మార్కులు వేశాక దాన్ని మళ్లీ తెరిచేవాళ్లెవరు?

వీలుకాని పని అడుగుతున్నానా? కాదు. మహారాష్ట్రలో వార్ధా పక్కన సేవాగ్రామ్‌లో 1969లో సుశీలా నయ్యర్ గారు మొదలుపెట్టిన వైద్య కళాశాల ఉంది, గాంధీ శతజయంతి ఏడాది. అక్కడ ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో ఊరు. చేరిన కొత్తలోనే పిల్లలు ఆ ఊళ్లో క్యాంపు వేసుకుని ఉంటారు, ఒక్కొక్కరికి కొన్ని ఇళ్లు అప్పగిస్తారు, తర్వాత కూడా ఆ ఇళ్లకి వెళ్తూనే ఉంటారు. ఇంకా వెనక్కి పోతే, వైద్య విద్యార్థులు ఆసుపత్రి గోడల మధ్యే కాకుండా సమాజంలో తిరిగి నేర్చుకోవాలని, దేశంలో ఆరోగ్య సేవల మీద అప్పటి ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. అంటే స్వాతంత్ర్యం కంటే ముందటి మాట. ఇప్పుడు హౌస్ సర్జన్లకి కమ్యూనిటీ మెడిసిన్‌లో 12 వారాల పోస్టింగ్ ఉంది. మనుషులు ఉన్నారు, గంటలు ఉన్నాయి, రూలూ ఉంది. లేనిదల్లా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి అందించడమే. పెద్ద క్లాసు పిల్ల కొత్త పిల్లని వెంటబెట్టుకుని మా గుమ్మం దాకా వచ్చి, “అమ్మమ్మా, ఇక నుంచి ఈమె వస్తుంది, జాడీ వెనక చూడమని చెప్పాను” అంటే చాలు. అరగంట పని.

బాబాయి దగ్గరికి మళ్లీ వస్తాను. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. డిశ్చార్జి కాగితంలో ‘ఫిజియోథెరపీ’ అని ఒక మాట రాసిచ్చారు. టౌనుకి రానూపోనూ ఆటో ఖర్చు ఆ ఇంటి ఒకరోజు కూలీని మింగేస్తుంది. రెండుసార్లు వెళ్లి మానేశారు. ఫిజియోథెరపీ కాలేజీలూ మీ విశ్వవిద్యాలయాల కిందే ఉన్నాయి కదా. మా ఊరికి వచ్చిన ఏ క్యాంపులోనూ నేను ఒక్క ఫిజియోథెరపీ విద్యార్థిని చూడలేదు. పళ్లు చూసేవాళ్లు వచ్చారు, చర్మం చూసేవాళ్లు వచ్చారు, యోగా చేయించినవాళ్లు కూడా వచ్చారు.

మమ్మల్ని దత్తత తీసుకున్న పిల్లే చివరికి తన స్నేహితురాలితో వీడియో కాల్ చేయించింది, ఫిజియోథెరపీ చదివే అమ్మాయి. పది నిమిషాల్లో ఆ అమ్మాయి పట్టుకున్న తప్పు ఏమిటో తెలుసా? బాబాయిని లేపడానికి ఆయన కొడుకు రోజూ పడిపోయిన చేతినే పట్టుకుని లాగుతున్నాడు. అలా లాగితే భుజం కీలు జారుతుందట, అందుకే ఆయన రాత్రంతా భుజం నొప్పని మూలిగేది. నడుము చుట్టూ తువ్వాలు వేసి ఎలా లేపాలో, కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు ఎలా పెట్టాలో చూపించింది. ఫోన్ నేను పట్టుకున్నాను, చెయ్యి వణికి సగం చూరే కనిపించింది ఆ అమ్మాయికి. అదే మనిషిగా వచ్చి నెలకి రెండుసార్లు చూసి ఉంటే? నర్సింగ్ పిల్లలు ఎవరైనా వచ్చి రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని మొదటి వారమే చెప్పి ఉంటే ఆ వీపు మీద పుండు పడేది కాదు. బాబాయికి కావలసింది పెద్ద డాక్టరు కాదు, మీ దగ్గర బోలెడంత మంది ఉన్న పిల్లలు.

భాష గురించి కూడా ఒక మాట, ఇది నా సబ్జెక్టు కాబట్టి. ఒక క్యాంపులో కుర్రాడు ఒకాయన్ని “ఛాతీ నొప్పి ఉందా?” అని మూడుసార్లు అడిగాడు, ఆయన లేదు లేదు అన్నాడు. బయటికొచ్చి నాతో, “రొమ్ములో బండ పెట్టినట్టుంటది మాస్టారూ, ఎడ్లబండి తోలేటప్పుడు మరీను” అన్నాడు. నొప్పి కాదు కదా, బరువు. అందుకని లేదన్నాడు. తిమ్మిరి, దడ, అదుర్లు, నలత, వేడి చేసింది, కడుపులో దేవినట్టుంది, నరం పట్టేసింది. ఇందులో ఏది ఏమిటో తెలియకుండా మా ఊళ్లో వైద్యం నడవదు. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లల సంగతి అటుంచండి, ఇంగ్లీషు మీడియంలో పెరిగిన తెలుగు పిల్లలకే ఇవి కొత్త. ఎంబీబీఎస్ మొదట్లో ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పాలని మీ సిలబస్సులోనే ఉంది. మా ఊరికి పంపండి, నేనూ మా అరుగు మీది ముసలివాళ్లూ ఫీజు లేకుండా నేర్పుతాం.

చీటీ కూడా తెలుగులోనే రాయండి. వరంగల్‌లోని విశ్వవిద్యాలయానికి కాళోజీ పేరుంది. జనం పలుకుబడికి పట్టం కట్టిన మనిషి ఆయన, సెప్టెంబరు 9న ఆయన పుట్టినరోజే తెలంగాణ భాషా దినోత్సవం. విజయవాడలో 1986లో మొదలైన విశ్వవిద్యాలయానికి తెలుగు మాటతోనే రాజకీయం నడిపిన ఎన్టీఆర్ పేరుంది. ఈ రెండు పేర్ల కింద చదివే పిల్లలు ‘నీ బీపీ చాలా ఎక్కువుంది, రేపే పీహెచ్‌సీకి పో, మాత్ర మానెయ్యకు’ అని ఒక్క వరస తెలుగులో రాయలేరా? ఆ చీటీ ఇంకో కాపీ ఆశా కార్యకర్తకి ఇవ్వండి. ముప్ఫై దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగరు వివరాల ఫారం నింపేది ఆవిడే. ఏ ఇంట్లో ఎవరు మాత్ర మింగుతున్నారో, ఎవరు జాడీ వెనక దాస్తున్నారో కాస్తో కూస్తో తెలిసేదీ ఆవిడకే. మీ క్యాంపుల్లో ఆవిడ పని లైను తిన్నగా నిలబెట్టడం. గ్రూపు ఫొటోలో కూడా ఎప్పుడూ చివర, సగం చెయ్యే కనిపిస్తుంది.

ఫొటో అంటే గుర్తొచ్చింది. ఈ మధ్య పిల్లలు ఫొటో తీశాక మూల మీద అక్షాంశం, రేఖాంశం, టైము పడ్డాయో లేదో చూసుకుని, పడకపోతే మళ్లీ తీస్తున్నారు. ఎందుకర్రా అంటే న్యాక్ కోసం అన్నారు, అంటే కాలేజీల నాణ్యత చూసే సంస్థ. జియోట్యాగ్ ఉండాలట. ఎన్ని కార్యక్రమాలు, ఎంతమంది విద్యార్థులు పాల్గొన్నారు అని లెక్క అడుగుతారట. అడిగినదే కదా ఎవరైనా చూపిస్తారు, మిమ్మల్ని తప్పుపట్టలేను. మధుమేహ దినం నవంబరు 14, క్షయ దినం మార్చి 24, ఒక్కో రోజుకి ఒక ర్యాలీ, ముగ్గుల పోటీ, మానవహారం. ఒకసారి పని మీద ఒక కాలేజీకి వెళ్తే లోపల రోడ్డు మీదే ర్యాలీ జరుగుతోంది. ప్లకార్డులు పట్టుకున్నవాళ్లు మెడికోలు, రోడ్డు పక్కన నిలబడి చూస్తున్నవాళ్లూ మెడికోలే.

మీ పైవాళ్ల లెక్కలు మార్చడం నా వల్ల కాదు. కానీ మీ న్యూస్‌లెటర్ మీ చేతిలో ఉంది. క్యాంపస్ వార్తల్లో ‘ఫలానా ఊళ్లో ఇంతమందికి పరీక్షలు’ అన్న వార్త కింద ఇంకో వార్తకి చోటు ఉంచండి. ఆ ఊళ్లో బీపీ ఎక్కువున్నట్టు తేలినవాళ్లు ఎంతమంది, మూడు నెలలకి మళ్లీ వెళ్తే వాళ్లలో ఎంతమంది కనిపించారు, ఎంతమందికి తగ్గింది, ఎంతమంది మాత్ర మానేశారు, ఎందుకు మానేశారు. తక్కువ అంకె వచ్చినా వెయ్యండి. ఆడపిల్లలకి రక్తం తక్కువుందని చెప్పడానికి ఇంకో క్యాంపు అక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది: 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత. మా బడిలో పోయినసారి పరీక్ష చేసిన ఎనిమిదో తరగతి పిల్లలకి ఐరన్ మాత్రలు వేసుకున్నాక పెరిగిందా లేదా అన్నదే ఎవరికీ తెలియదు. ఆ పిల్లలు ఇప్పుడు పదో తరగతి.

ఏడాదికి నాలుగు ఊళ్లలో నాలుగు క్యాంపులు పెట్టే బదులు ఒక ఊరికే నాలుగుసార్లు రండి. భోజనాల ఖర్చు అంతే, డీజిలు అంతే. పీహెచ్‌సీ డాక్టరుగారికి ముందే ఫోన్ చేసి మీరు రాయబోయే మాత్రలు అక్కడ ఉన్నాయో లేవో కనుక్కోండి. జ్యోతి ప్రజ్వలన ఉండాలంటే ఉంచండి, కాకపోతే పరీక్షలన్నీ అయ్యాక సాయంత్రం పెట్టండి. దీపం సాయంత్రమే బాగుంటుంది కూడా.

ఇంకొక్క కోరిక, ఇది మీకు పైసా ఖర్చు లేనిది. ఈసారి ఫ్లెక్సీ కొట్టించేటప్పుడు తేదీలు రెండు వేయించండి. ఒకటి క్యాంపు తేదీ, రెండోది మీరు మళ్లీ వచ్చే తేదీ. చోటు సరిపోకపోతే ఫొటోల్లో ఒకటి తగ్గించండి. నాది అయినా ఫర్వాలేదు, పోయినసారి చివర నా ఫొటో కూడా వేశారు.

బస్సు ఆలస్యమైతే మాత్రం ముందే ఫోన్ చెయ్యండి. పరగడుపున కూర్చున్నవాళ్లకి నేను జవాబు చెప్పుకోవాలి. బాబాయి ఇంటికి ఎవరైనా ఫిజియోథెరపీ పిల్లల్ని పంపగలిగితే ఆదివారం పంపండి, ఆ రోజు ఆయన కొడుకు ఇంట్లో ఉంటాడు, ఎలా లేపాలో నేర్చుకోవలసింది అతనే. భోజనం మా ఇంట్లో.

ఇట్లు,
మీ క్యాంపులకి కుర్చీలు వేయించే ఒక తెలుగు పంతులు